ఇసుక పెట్టెలో నల్లమల: నా ప్రాజెక్టు డైరీ

ముందు ఇది ఎందుకు మొదలుపెట్టానో చెప్పేస్తా. మాది ప్రొద్దుటూరు. బండేసుకుని జమ్మలమడుగు దాటి గండికోట పోతే, పెన్నా కోసేసిన లోయ గోడల్లో రాళ్ళు పొర మీద పొర, మేస్త్రీ ఎవరో మట్టం పట్టుకుని పేర్చినట్టే ఉంటాయి. అదే నంద్యాల పోయి నల్లమలలో గిద్దలూరు ఘాట్ ఎక్కితే, రోడ్డు కోసిన చోటల్లా పొరలు ఏటవాలుగా, ఒక్కోచోట నిలువుగా, ఒక్కోచోట ఉతికి ముద్దగా పడేసిన దుప్పటిలా కనిపిస్తాయి. రెండూ కడప బేసిన్ (ఒకప్పుడు నీళ్ళు నిలిచిన పెద్ద పల్లం) రాళ్ళే. రెండూ ఒకప్పుడు నీళ్ళ అడుగున మట్టంగా పేరుకున్న ఇసుకా బురదా. వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. మరి వీటికేమీ కాకుండా వాటికే ఎందుకంత అయింది?

ఆ ప్రశ్న నాది కాదు, మా చిన్నదానిది, ఎనిమిదో తరగతి. బస్సులో అడిగింది. బళ్ళో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కదా, ఠక్కున "ఒత్తిడి వల్ల" అన్నా. "రాయిని ఒత్తితే పగుల్తుంది కదా నాన్నా, మడత ఎట్లా పడుతుంది?" అంది. నా దగ్గర నోటిమాట తప్ప చూపించడానికి ఏమీ లేదు. సరే, సెలవులున్నాయి, చేసి చూద్దాం అనుకున్నా.

రోజు 1

మా బావకి బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ పక్కన పారేసిన నాపరాయి ముక్కొకటి తీసుకున్నా. రెండడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం. రెండు చివర్లా రెండు ఇటుకల దిమ్మెలు పెట్టి దాని మీద పరిచి, నడిమికి తాడు కట్టి బక్కెట్టు వేలాడదీశా. బండ వంగితే కంటికి కనపడదు కాబట్టి ఒక చివర చిన్న అద్దం ముక్క అంటించి, దాని మీద లేజర్ పాయింటర్ కొట్టా. ఎర్ర చుక్క ఐదు మీటర్ల అవతల గోడ మీద పడింది. చుక్క ఉన్న చోట పెన్సిల్‌తో గీత.

తడి ఇసుకతో నిండు బక్కెట్టు, 23 కిలోలు తూగింది. చుక్క ఒక సెంటీమీటరు పైన కదిలింది. బక్కెట్టు తీస్తే మళ్ళీ గీత మీదికే వచ్చింది. రెండు బక్కెట్లు కడితే కదలిక రెట్టింపు, తీస్తే మళ్ళీ గీత మీదికే. అప్పటిదాకా పక్కన నిలబడి నవ్వుతున్న బావ దగ్గరకొచ్చాడు. "ఏంది బావా, ముప్పయ్యేళ్ళుగా బండలు కోస్తాండా, బండ వంగుతాదని నాకెవరూ చెప్పలా" అన్నాడు. అంతా కలిపి అర మిల్లీమీటరే వంగింది, కానీ వంగింది, పైగా స్ప్రింగులా వెనక్కి వచ్చింది. మూడో బక్కెట్టు సగం నింపేసరికి టప్పుమంది. అంతకుముందు గీత పడటమో కర్రుమనటమో ఏమీ లేదు. పగులు అడుగు నుంచే మొదలైంది, ఎందుకంటే వంగినప్పుడు పై ముఖం నొక్కుకుంటుంది, అడుగు ముఖం సాగుతుంది. రాయికి నొక్కుడు తట్టుకునే బలంలో సాగుడు తట్టుకునే బలం ఇంచుమించు పదోవంతే ఉంటుంది. అందుకే మన గుళ్ళలో రాతి దూలాల కింద అన్నన్ని స్తంభాలు.

సారాంశం: నేల పైన, చల్లగా, తొందరగా చేస్తే రాయి కాస్త వంగి పగుల్తుంది. మా చిన్నది చెప్పిందే కరెక్టు. ఘాట్ రోడ్డు మడతలకి జవాబు ఇంకా దొరకలేదు.

రోజు 3

పొరల్ని పక్క నుంచి నొక్కి చూడటానికి పెట్టె రెడీ. ప్లైవుడ్ అడుగు, రెండు పక్కలా అద్దాలు, 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 25 ఎత్తు. కుడివైపు గోడ కదులుతుంది. దాని వెనక 12 ఎంఎం మర రాడ్డు, నట్టు, పాత కుట్టుమిషను చక్రం. చక్రం ఒక చుట్టు తిప్పితే గోడ 1.75 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఇంతవరకు బాగుంది.

తర్వాత తెలివితక్కువ పని చేశా. రాయిని చూపించాలంటే రాయిలాంటిదే కావాలి కదా అని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో రంగులు కలిపి నాలుగు పొరలు పోసి ఆరబెట్టా. చక్రం తిప్పితే పొరలకేమీ కాలేదు. ఇంకా తిప్పితే రాడ్డు వంగింది, ప్లైవుడ్ అడుగు విల్లులా లేచింది, ఒక అద్దం మూల చిట్లింది. ఇంట్లో ఆవిడ ఒక్క మాటే అంది: "నల్లమల మడత పడలేదు గానీ మన పెట్టె మడత పడింది."

రోజు 6

రెండ్రోజులు చదివితే తప్పెక్కడుందో తెలిసింది. 1937లో కింగ్ హబ్బర్ట్ అనే అమెరికన్ దీన్ని లెక్కేసి చెప్పేశాడు. పర్వతాన్ని లక్ష రెట్లు చిన్నది చేసి బల్ల మీద పెడితే దాని బరువు పొరల మీద వేసే ఒత్తిడి కూడా ఇంచుమించు లక్ష రెట్లు తగ్గిపోతుంది. అంటే ఆ బొమ్మ పర్వతాన్ని చేసే పదార్థం కూడా రాయి కంటే లక్ష రెట్లు బలహీనంగా ఉండాలి. వందల అట్మాస్ఫియర్లు (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి ఒక అట్మాస్ఫియర్) తట్టుకునే రాయికి బదులు, వేలు పెడితే విడిపోయేదేదో కావాలి. కిలోమీటర్ల లెక్కన చూస్తే మన కొండలు అంత మెత్తనివన్నమాట. మనం సుత్తి పెట్టి కొట్టి చూసిన గట్టిదనం అక్కడ లెక్కలోకే రాదు. నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో బాగా నచ్చిన ముక్క ఇదే, రెండు రోజులు అందరికీ ఇదే చెప్పి విసిగించా.

ఆ వేలు పెడితే విడిపోయేది మరేదో కాదు, పొడి ఇసుక. రేణువుల మధ్య పట్టు దాదాపు సున్నా, రాపిడి మాత్రం పగిలిన రాళ్ళ మధ్య ఉండే రాపిడికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ లెక్కలో ఒక సెంటీమీటరు ఇసుక ఒక కిలోమీటరు రాయి.

రోజు 7, 8

పెన్నా ఇసుక తెచ్చి, బంకమట్టి పోయేదాకా ఐదుసార్లు కడిగి, మిద్దె మీద ఆరబోసి, పిండి జల్లెడతో జల్లించా (జల్లెడ గురించి తర్వాత గొడవైంది, అది వేరే కథ). పొరకీ పొరకీ మధ్య గుర్తు తెలియడానికి ముగ్గుల్లో నింపే రంగులు పల్చగా చల్లా. మొదట మందంగా చల్లితే ఆ పొడి గడ్డకట్టి అట్టలా పగిలింది, అందుకని గీత మాత్రమే కనపడేంత.

ఇసుక రాపిడి కోణం తెలియాలి కదా, గరాటాలోంచి నేల మీద కుప్ప పోసి వాలు కొలిచా. 33 డిగ్రీలు. పుస్తకం లెక్క ప్రకారం, పక్క నుంచి నొక్కితే ఇసుక తెగే కోణం 45 లోంచి ఇందులో సగం తీసేస్తే వచ్చేది, అంటే సుమారు 28 డిగ్రీలు. కాగితం మీద రాసి గోడకి అంటించా, తర్వాత మార్చకుండా.

రోజు 9

ఆరు సెంటీమీటర్ల ఇసుక, ఆరు పొరలు. చిన్నది చక్రం తిప్పుతోంది, నేను ప్రతి రెండు చుట్లకీ ఫోటో. మొదటి ఐదారు చుట్లు ఏమీ లేదు, కదిలే గోడ దగ్గర పైభాగం కాస్త ఉబ్బినట్టుంది అంతే. ఆ తర్వాత, ఏ చుట్టులో అని కచ్చితంగా చెప్పలేను, ఎర్ర గీతలో చిన్న మెట్టు కనిపించింది. ఇంకో చుట్టు. మెట్టు కింది నీలం గీతలోకీ, దాని కింది పసుపు గీతలోకీ పాకింది. పెట్టె అడుగున గోడ మూల నుంచి పైదాకా ఏటవాలు గీతొకటి సాఫీగా తెగిపోయి, కుడివైపు ఇసుక మొత్తం ఒక ముద్దగా ఆ వాలు మీదుగా ఎడమవైపు ఇసుక నెత్తికెక్కడం మొదలుపెట్టింది. ఇద్దరం అరిచాం. కోణమాని పెట్టి చూస్తే 29. గోడ మీది కాగితం 28. అంత దగ్గరగా రావడంలో అదృష్టం కూడా ఉంది, తర్వాతి పరుగుల్లో (పెట్టె మళ్ళీ నింపి నొక్కిన ప్రతిసారీ ఒక పరుగు అంటున్నా) 26 వచ్చింది, 31 వచ్చింది.

ఇదే భ్రంశం, ఇంగ్లీషులో ఫాల్ట్ అంటారే అది. ఇంకా తిప్పుతూ పోతే మొదటి తెగుడు కాసేపటికి అలిసిపోతుంది, దాని ముందు, ఎడమవైపు, కొత్త తెగుడు పుడుతుంది. తర్వాత దానికీ ముందు ఇంకోటి. చివరికి కుడివైపు ఎత్తుగా ఎడమవైపు సన్నగా, చీలిక కర్రలాంటి కుప్ప తయారైంది. హిమాలయాల్లో పెద్ద భ్రంశాలు కూడా ఇదే వరసలో, ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా పుట్టుకొచ్చాయి. అక్కడి నొక్కుడు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు. మా అమ్మాయి అరగంటలో గోడని రెండు సెంటీమీటర్లు జరిపింది, మా స్కేలులో అది రెండు కిలోమీటర్లు, అంటే హిమాలయానికి లక్ష ఏళ్ళ పని. లెక్క చెప్పగానే కూలి అడిగింది.

రోజు 10

నిన్నటి సంతోషం కాస్త దిగింది. అద్దం పక్కన కనిపించేది పూర్తి నిజం కాదు. ఇసుక అద్దానికి రాసుకుని వెనకబడుతుంది, పైనుంచి చూస్తే తెగుడు గీత నడుమ ఒకలా, అంచుల్లో వంపు తిరిగి ఇంకోలా ఉంది. అందుకని స్ప్రేతో నెమ్మదిగా నీళ్ళు కొట్టి ఇసుక తడిపి, రేకు ముక్కతో కేకు కోసినట్టు నడిమికి కోశా. లోపలి కోత అద్దం పక్కన కనిపించినదానికంటే శుభ్రంగా ఉంది, ఎదురు వాలున ఒక చిన్న తెగుడు కూడా దొరికింది. ఇకనుంచి కొలతలన్నీ నడిమి కోత మీదే. ఎవరైనా చేయాలనుకుంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, నాకు రెండు పరుగులు వృథా అయ్యాయి.

రోజు 12

ఇసుక తెగుతుంది గానీ వంగదు. మడతల సంగతి ఇంకా మిగిలే ఉంది.

జేమ్స్ హాల్ అనే స్కాట్లండ్ ఆయన రెండు వందల ఏళ్ళ కిందటే బట్టల ముక్కలు పొరలుగా పరిచి, పైన బరువులు పెట్టిన తలుపొకటి వేసి, రెండు పక్కల నుంచీ నెట్టి మడతలు తెప్పించాడు. మా ఇంట్లో పాత చీరలు పన్నెండు, పైన బీరువా తలుపు, దాని మీద బియ్యం బస్తా. నెడితే అచ్చం ఘాట్ రోడ్డు. పల్చటి నూలు చీరలు చిన్న చిన్న మడతలుగా, మధ్యలో పెట్టిన బొంత మాత్రం ఒకే ఒక పెద్ద మడతగా వచ్చింది. రాళ్ళలోనూ అంతే, మందమైన గట్టి పొర పెద్ద అలగా మడుస్తుంది, పల్చటి పొరలు సన్న అలలుగా.

ఇంకో చిన్న సంగతి. రెండు వందల పేజీల నోటుబుక్కు పక్కన నిలువు గీతలు గీసి వంచి చూడండి. గీతలు ఏటవాలుగా మారిపోతాయి. పేజీలు ఒకదాని మీద ఒకటి జారాయి కాబట్టే పుస్తకం వంగింది. అంచుల్లో జిగురు పోసి జారకుండా చేస్తే అది అట్ట, వంగదు. రాతి పొరల మధ్య సన్నటి మట్టి పొరలు ఉన్నప్పుడు మడత తేలిగ్గా పడేది ఇందుకే.

కానీ చీర చీరే, రాయి రాయే. గట్టి రాయి చీరలా ఎలా ప్రవర్తిస్తుంది?

రోజు 13

జీళ్ళపాకం. తిరునాళ్ళలో కొయ్యకి తగిలించి లాగుతుంటారు చూడండి, అది. బెల్లం పాకం ముదురుగా పట్టి, నూనె రాసిన పళ్ళెంలో పోసి, వేలెడు కడ్డీలుగా కోశా.

ఒకటి ఫ్రిజ్‌లో పెట్టి తీసి వంచితే గాజులా పుటుక్కుమంది. రెండోది గోరువెచ్చగా ఉన్నప్పుడు వంచితే మారుమాట్లాడకుండా వంగింది. అసలు తమాషా మూడో దానితో. గది వేడిలో ఉన్నదాన్ని గట్టిగా ఒక్కసారి విరిస్తే విరిగింది. దాని జంట కడ్డీని రెండు గిన్నెల మీద వంతెనలా పెట్టి, నడుమ ఒక చిన్న తాళం పెట్టి పడుకున్నాం. పొద్దునకి నడుము దిగి హారంలా వేలాడుతోంది, ఎక్కడా చిన్న బీట లేదు. ఒకే పాకం, ఒకే గది, ఒకే వేడి. తొందరపెడితే విరిగింది, ఊరుకుంటే సాగింది.

రాయికి కావలసినవీ ఈ రెండే, వేడీ వ్యవధీ, వాటికి తోడు చుట్టూ ఉండే ఒత్తిడి. భూమిలోకి దిగేకొద్దీ కిలోమీటరుకి సుమారు 25 డిగ్రీల వేడి, 270 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పెరుగుతాయి. ఆ ఒత్తిడి పగుళ్ళని తెరుచుకోనివ్వదు. 1911లో వాన్ కార్మాన్ అనే ఆయన పాలరాతి స్తంభం ముక్కల్ని చుట్టూ ద్రవం ఒత్తిడి పెట్టి నొక్కితే, ఒత్తిడి తక్కువున్నప్పుడు పగిలిపోయాయి, బాగా పెంచాక పగలకుండా పీపాలా ఉబ్బాయి, అదీ మామూలు గది వేడిలోనే. ఇక వేడి 300 డిగ్రీలు దాటితే ఇసుకరాయిలోని స్ఫటికం కూడా మెల్లగా సాగుతుంది. మామూలుగా పది పదిహేను కిలోమీటర్ల లోతుకి ఆ వేడి వస్తుంది. ఆ పైన నేల పెళుసు, కింద జీళ్ళపాకం. నల్లమల రాళ్ళంతా అంత లోతుకి పోయొచ్చాయని కాదు, మెత్తటి బురద పొరలకి అంతకంటే తక్కువ లోతే చాలు.

గమనిక: పాకాన్ని ఇసుక కింద పరిచి పరుగు తీద్దామనుకున్నా. పొద్దున చూస్తే పెట్టె నిండా చీమలు. ఆ ప్రయోగం రద్దు.

రోజు 15

కింద సాగుతుంటే పైన ఏమవుతుంది? గరుకు కాగితం అంటించిన పలక మీద ఇటుక, ఇటుకకి సైకిల్ ట్యూబు రబ్బరు, దాని చివర స్ప్రింగు త్రాసు, వెనక మా చక్రం. ఒకే వేగంతో లాగుతున్నా ఇటుక ఒకే వేగంతో రాదు. రబ్బరు సాగుతుంది, సాగుతుంది, ఇటుక కదలదు, ఉన్నట్టుండి ఐదారు సెంటీమీటర్లు గెంతుతుంది, మళ్ళీ మొండికేస్తుంది. ఇటుక 2.8 కిలోలు, గెంతే ముందు త్రాసు 1.9 దగ్గర చూపించింది, అంటే రాపిడి ఇటుక బరువులో 0.68 వంతు. రాళ్ళ మీద ప్రయోగాలు చేసిన బయర్లీ అనే ఆయన 1978లో చెప్పిందీ ఇదే, రాయి ఏదైనా ఇది ఎక్కువగా 0.6 నుంచి 0.85 మధ్యే ఉంటుందని.

మొదటి రోజు వంగిన నాపరాయి గుర్తుందా, ఆ అర మిల్లీమీటరు వంపే ఇక్కడి రబ్బరు. కిలోమీటర్ల మేర రాయి అలా వంగి, పట్టుకుని ఉన్న భ్రంశం ఒక్కసారి జారితే అదే భూకంపం. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది కదా, అదీ, 1967లో ఒంగోలు దగ్గర వచ్చిందీ అలాంటి గెంతులే. త్రాసు చూసి తర్వాతి గెంతు ఎప్పుడో చెప్పమని చిన్నదానితో పందెం కట్టా. పదికి మూడుసార్లే గెలిచింది. నేను రెండు.

రోజు 16

గోడని నెట్టకుండా వెనక్కి లాగా. ఇసుక 60 డిగ్రీల నిటారు వాలుతో తెగి, నడుమ దిమ్మె కిందికి దిగింది. గోదావరి లోయ ఇలాగే దిగింది, ఆ పల్లంలో పేరుకున్న చెట్టూ చేమే సింగరేణి బొగ్గు. బొగ్గు పొర పోతూ పోతూ ఉన్నట్టుండి మాయమై పైనో కిందో తేలడం గని పనివాళ్ళకి కొత్త కాదు. ఇంకేం చెప్పాలి, ఒక గంటలో అయిపోయింది, అన్నిటికంటే తేలిక.

రోజు 19

మళ్ళీ గిద్దలూరు ఘాట్, ఈసారి బావ కారులో. చేతిలో కోణమాని, అటకమీద నుంచి దించిన నా చిన్నప్పటి మార్కాపురం పలక.

ఒక కోత దగ్గర ఆగాం. సన్నటి పలకరాయి. దాన్ని గోటితో చీలిస్తే పల్చగా లేస్తోంది, కానీ రాతిలోని రంగు చారలు ఆ చీలిక దిశలో లేవు, దాన్ని అడ్డంగా కోసుకుంటూ పోతున్నాయి. బావ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. వాళ్ళ నాపరాయి ఎప్పుడూ పొరల వెంబడే లేస్తుంది, అలాగే కదా బండలు తీసేది. "ఇది తప్పుగా చీల్తాంది బావా" అన్నాడు. తప్పు కాదు. చారలు బురద పేరుకున్న నాటివి. చీలిక నొక్కుడు నాటిది. పక్క నుంచి నొక్కినప్పుడు బురదలోని అభ్రకం రేకులన్నీ ఆ నొక్కుడుకి అడ్డంగా తిరిగి వరసకట్టాయి, ఇప్పుడు రాయి వాటి వెంబడి చీలుతుంది. అంటే నేను ఒకటో తరగతిలో అ ఆలు దిద్దిన పలక ముఖం ఎటు ఉందో, దాన్ని నొక్కిన చేయి దానికి నిలువుగా వచ్చింది. మార్కాపురం పలకా, బావ నాపరాయీ ఒకే బేసిన్‌వి. ఒకటి తూర్పున పిండబడింది, ఇంకోటి పడమర ఊరికే పడుకుంది.

తూర్పు అంచున అయితే నెల్లూరు వైపు రాళ్ళు, వీటికంటే పాతవి, కింద ఉండాల్సినవి, భ్రంశం మీదుగా బేసిన్ రాళ్ళ నెత్తికెక్కి ఉన్నాయి. మా పెట్టెలో కుడివైపు ముద్ద ఎక్కినట్టే.

రోజు 20

చివరి పరుగు. పెట్టెని బల్ల మీద తిప్పి పెట్టా, కదిలే గోడ తూర్పుకి వచ్చేలా. 80 చుట్లు, 14 సెంటీమీటర్లు. తడిపి, నడిమికి కోసి, ఫెవికాల్ నీళ్ళు పూసిన అట్ట అదిమి పెడితే కోత మొత్తం అట్టకి అంటుకుని వచ్చింది. కుడివైపు నాలుగు తెగుళ్ళు, ఒకదాని మీద ఒకటి వాలిన ముద్దలు, వంకర్లు పోయిన రంగులు. ఎడమ చివర పదిహేను సెంటీమీటర్ల మేర ఆరు రంగుల గీతలు, నేను చల్లినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, మట్టంగా. నొక్కుడు అంత దూరం రానేలేదు, దారిలోనే తెగుళ్ళకి ఖర్చయిపోయింది.

చిన్నది స్కెచ్ పెన్ తీసుకుని కుడి చివర "గిద్దలూరు", ఎడమ చివర "గండికోట" అని రాసింది. నడుమ కొంచెం ఆలోచించి ఒక చిన్న బస్సు బొమ్మ వేసింది.

మిగిలిన పనులు: రాడ్డు మార్చాలి, ఇది వంగినదే తిరిగి వాడుతున్నా. అడుగున సగం మేర గరుకు కాగితం వేసి కోణాలు మారతాయేమో చూడాలి. బీరువా తలుపు తిరిగి బిగించాలి. జల్లెడ కొత్తది కొనాలి, ఇది ముందు.